సన్నిధిని పాటగా పాడిన భక్తుడు: నారాయణ వామన తిలక్

ఆరాధన యనునది పెదవుల పనియా, లేక బ్రదుకంతటి పనియా? ఆదివారమున దేవాలయమునందు గంటసేపు నిలిచి, కూర్చుండి, పాడి, ఆమేన్ పలికి యింటికి వచ్చిన విశ్వాసి, సోమవారమున ఎవరి సన్నిధిలో నడుచుచున్నాడు? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సమరయ స్త్రీతో బావి యొద్ద ప్రభువు మాటలాడిన నాటినుండి అది సంఘము నెదుట నిలిచియే యున్నది. స్థలమును గూర్చియు ఆచారమును గూర్చియు ఆమె యడుగగా, ప్రభువు ఆమె దృష్టిని ఆత్మవైపునకును సత్యమువైపునకును త్రిప్పెను. ఆ మలుపును తన జీవితమంతటితో అనుభవించిన భారతీయులలో నారాయణ వామన తిలక్ ఒకడు.

తిలక్ అనగానే తెలుగువారికి లోకమాన్య బాలగంగాధర తిలక్ జ్ఞప్తికి వచ్చును. ఇద్దరును రత్నగిరి జిల్లాకు చెందినవారే, ఇద్దరును చిత్పావన బ్రాహ్మణులే, ఇద్దరును దేశభక్తులే. ఒకడు దేశమునకు స్వరాజ్యమును కోరెను. మరియొకడు దేశప్రజల హృదయములయందు క్రీస్తు రాజ్యమును కోరి, దాని కొరకు పాటలు వ్రాసెను. మరాఠీ మాటలాడు సంఘములు ఆ పాటలను నేటికిని పాడుచున్నవి. అవి ఎక్కడనుండి పుట్టినవో తెలిసికొనవలెనన్నచో ఆయన బ్రదుకును చూడవలెను.

వెదకులాడిన యౌవనము

నారాయణుడు 1861లో కొంకణ ప్రాంతమునందలి కరజ్‌గావ్ అను గ్రామమున జన్మించెను. తండ్రి వామనరావు ప్రభుత్వోద్యోగి. పనిమీద తరచుగా ఊళ్లు తిరుగుచుండెడివాడు. తల్లి జానకీబాయి మృదుస్వభావము గలది. కుమారునికి పాటయందును పద్యమునందును ఆసక్తి ఆమెనుండియే కలిగెనని చెప్పుదురు. పదునొకండేండ్ల ప్రాయమున అతడు తల్లిని పోగొట్టుకొనెను. తల్లి లేని యింట నిలువలేక బాలుడు నాసిక్ నగరమునకు వెళ్లెను. అక్కడ గణేశశాస్త్రి లేలే యను పండితుని యొద్ద సంస్కృతకావ్యములు చదువుకొనెను. కొంతకాలము ఆంగ్లమును కూడ నేర్చుకొనెను. తల్లి ప్రేమ కొరకైన ఆకలి మాత్రము అతని హృదయమునందు చిరకాలము నిలిచియుండెను. తరువాతి కాలమున ఆయన క్రీస్తును తల్లియని పిలిచి పాడిన పాటలను చదువునప్పుడు, తల్లి కొరకు ఏడ్చిన ఆ బాలుని మరచిపోరాదు.

1880లో, ఆనాటి ఆచారము చొప్పున, మనకర్ణిక గోఖలే యను పన్నెండేండ్లయినను నిండని బాలికతో అతనికి వివాహమాయెను. అత్తవారింట ఆమెకు లక్ష్మీబాయి యను పేరు వచ్చెను. ఆమె బడికి పోయి చదివినది కాదు. భర్త ప్రోత్సాహము వలన మరాఠీ చదువుటయు వ్రాయుటయు కొలదిగా నేర్చుకొనెను. ఆ దినములలో ఆమె కాపురము సులభమైనది కాదు. తిలక్ ఒక్కచోట నిలుచువాడు కాడు. ఉపాధ్యాయుడుగా, పురోహితుడుగా, పురాణకాలక్షేపము చేయువాడుగా, అచ్చుకూటమున అక్షరములు కూర్చువాడుగా ఊరినుండి ఊరికి తిరుగుచుండెను. ఉన్నట్టుండి యిల్లు విడిచి వెళ్లుటయు, చాలకాలమునకు తిరిగి వచ్చుటయు కలదు.

ఆ తిరుగుడు సోమరితనము వలన కలిగినది కాదు. అతడు దేనినో వెదకుచుండెను. దేశము కులములుగా చీలియుండుట చూచి అతని హృదయము మండెను. మనుష్యులందరికి తండ్రియైన దేవుడొక్కడే యని బోధించి, జాతిభేదము లేకుండ జనులను ఏకము చేయగల మతము ఏదియని అతడు ఆలోచించుచుండెను. అట్టిది లేనియెడల తానే యొక క్రొత్త మతమును స్థాపించవలెనను తలంపు కూడ అతనికి కలిగెను. 1891 ప్రాంతమున నాగపూరులో అప్పాసాహెబు బూటీ యను ధనికుని ఆశ్రయించి, సంస్కృత గ్రంథముల పనిలో నిమగ్నుడాయెను. పాండిత్యము పెరిగెను, కీర్తియు వచ్చెను. హృదయపు దాహము మాత్రము తీరలేదు.

రైలుబండిలో దొరికిన పుస్తకము

1893లో తిలక్ నాగపూరునుండి రాజ్‌నంద్‌గావ్ సంస్థానమునకు ఉద్యోగము నిమిత్తము రైలుబండిలో ప్రయాణము చేయుచుండెను. అదే పెట్టెలో ఒక పాశ్చాత్యుడు కూర్చుండియుండెను. ఆతడు మర్యాదగా చోటిచ్చి, సంస్కృత కావ్యములను గూర్చి మాటలు ప్రారంభించెను. మాట మెల్లగా దేవుని వైపునకు తిరిగెను. దిగుటకు ముందు ఆతడు క్రొత్తనిబంధన ప్రతి నొకదానిని తిలక్ చేతికిచ్చి, దానిని చదువుమని బ్రతిమాలెను. రెండేండ్లు గడువకముందే ఈ యువకుడు క్రైస్తవుడగునని కూడ చెప్పెను. ఆ మాట తిలక్‌నకు వింతగా తోచెను. పుస్తకము చదువుదునని మాత్రము మాట యిచ్చెను.

మాట యిచ్చుట వలననే చదువ నారంభించెను గాని, ఆసక్తి వలన కాదు. పండితుల అలవాటు చొప్పున పెన్సిలు చేతబట్టుకొని, గమనింపదగిన చోట్ల గీతలు గీయుచు మొదటినుండి చదువుకొనుచు పోయెను. మత్తయి సువార్తలోని కొండమీది ప్రసంగమునకు వచ్చువరకు పని సాఫీగా సాగెను. అక్కడ ఆతడు ఆగిపోయెను. పుస్తకము క్రింద పెట్టలేకపోయెను. తాను ఎంతకాలమునుండియో అడుగుచున్న ప్రశ్నలకు జవాబులు అక్కడ కనబడెను. అంతకంటెను గొప్ప విషయ మేమనగా, ఆ జవాబుల వెనుక ఒక వ్యక్తి కనబడెను. సిద్ధాంతమును వెదకినవానికి ప్రభువు దొరకెను. తిలక్ ఆరాధన జీవితమునకు మూలము ఇక్కడనే యున్నది. ఆయన క్రైస్తవమతమును మెచ్చుకొని క్రీస్తు నొద్దకు వచ్చినవాడు కాడు. క్రీస్తును ప్రేమించి, ఆ ప్రేమ వెంట సంఘములోనికి వచ్చినవాడు.

అటు తరువాత రెండేండ్లు పెనుగులాట. క్రైస్తవులతో ఉత్తరప్రత్యుత్తరములు నడిపెను, వాదించెను, ప్రార్థించెను. ఉద్యోగము పోయెను. బంధువుల అనుమానము పెరిగెను. చివరకు 1895 ఫిబ్రవరి 10వ తేదీన బొంబాయి నగరమున బాప్తిస్మము పొందెను.

ఎడబాటు

నదిని దాటువాడు రెండవ ఒడ్డు చేరునప్పుడు మొదటి ఒడ్డు విడువవలెను. తిలక్ విడిచిన ఒడ్డున భార్యయు, పసివాడైన కుమారుడు దత్తూయు ఉండిరి. బాప్తిస్మపు వార్త లక్ష్మీబాయికి పిడుగుపాటుగా తోచెను. ఆనాటి బ్రాహ్మణకుటుంబములలో భర్త క్రైస్తవుడగుట యన్నచో, భార్యకు భర్త బ్రదికియుండియు లేనివాడగుట. ఆమె దుఃఖముతో కృశించెను. బంధువుల వెంట పండరిపురము మొదలైన చోట్ల కుమారునితో కాలము గడపెను. ప్రసిద్ధమైన విఠోబా క్షేత్రమున ఆమె కన్నీళ్లు కార్చుచుండగా, అహ్మద్‌నగర్‌లో ఆమె భర్త క్రీస్తునకు పాటలు వ్రాయుచుండెను.

ఈ దృశ్యము చదువరిని కలవరపెట్టును. కలవరపెట్టుటయే న్యాయము. ఒకని దైవానుభవమునకు మరియొకరు వెల చెల్లింపవలసి వచ్చుట చిన్న సంగతి కాదు. దేవుని సన్నిధిని కోరి వెళ్లినవాడు తనవారిని త్రోవప్రక్కన విడిచిపెట్టెనా? తిలక్ కూడ ఈ ప్రశ్ననుండి తప్పించుకొనలేదు. ఆయన భార్యను విడనాడలేదు, మరియొక వివాహము తలపెట్టలేదు, ఆమెను బలవంతపెట్టలేదు. ఉత్తరములు వ్రాయుచు, కలిసికొనుటకు ప్రయత్నించుచు, ఆమె మనస్సు దానంతట అది తిరుగువరకు కనిపెట్టెను. నాలుగేండ్లకు పైగా ఆ కనిపెట్టుట సాగెను. పూర్వము ఉన్నట్టుండి యిల్లు విడిచి పోయిన మనుష్యుడు, ఇప్పుడు ఇంటికొరకు ఓర్పుతో నిరీక్షించుట నేర్చుకొనెను. ప్రభుసన్నిధి ఆయనయందు చేసిన మొదటి పనులలో ఇది యొకటి. ఆయన పాటలలోని విరహవేదన కేవలము కవిత్వసంప్రదాయము కాదు. ప్రేమించినవారు దూరముననుండుట యెట్టిదో ఆయన యెరుగును.

కడకు లక్ష్మీబాయి భర్త యొద్దకు వచ్చెను. వచ్చినను మతము మార్చుకొనలేదు. తన ఆచారము తాను కాపాడుకొనుచు, తన వంట తాను చేసికొనుచు, నీళ్లు కూడ వేరుగానుంచుకొనెను. తిలక్ దానికి అడ్డుచెప్పలేదు. ఒకే కుటుంబమున రెండు పొయ్యిలు కొంతకాలము వెలిగెను. పిమ్మట ఒక దినమున ఆమెకు ఆలోచన కలిగెను. దేవుడు మనుష్యులను చేసెను గాని కులములను చేయలేదని, అవి మనుష్యులు కల్పించుకొన్నవని ఆమెకు స్పష్టముగా తోచెను. అది తోచిన పిమ్మట ఆమె వెనుకకు చూడలేదు. ఎవరి చేతి నీళ్లయినను త్రాగుటకు సిద్ధపడెను. 1900లో ఆమెయు బాప్తిస్మము పొందెను. భర్త వాదన ఆమెను గెలువలేదు. మారిన భర్తయు, ఆమె సొంత ఆలోచనయు, వాటి వెనుకనుండి పనిచేసిన దేవుని కృపయు ఆమెను గెలిచెను.

ఇల్లే బలిపీఠము

తిలక్ కుటుంబము అహ్మద్‌నగర్‌లో స్థిరపడెను. నేడు అహిల్యానగర్ అని పిలువబడుచున్న ఆ పట్టణము అప్పుడు అమెరికన్ మరాఠీ మిషనునకు ముఖ్యకేంద్రము. ఆయన అక్కడి దైవశాస్త్ర పాఠశాలయందు బోధించెను, పాదిరిగా అభిషేకింపబడెను. 19వ శతాబ్దము ముగియుచుండగా పశ్చిమ భారతమును క్షామమును ప్లేగువ్యాధియు పీడించినవి. ఆ దినములలో దిక్కులేని పిల్లలకును, రోగులకును, విద్యార్థులకును తిలక్ యింటి తలుపు తెరచియుండెను. ఎవరు ఎప్పుడు వచ్చి భోజనమునకు కూర్చుందురో యింటి యిల్లాలికే తెలియదు. మరాఠీలో బాలకవి యని ప్రసిద్ధిగాంచిన త్ర్యంబక్ బాపూజీ ఠోంబరే కూడ ఆ యింట కుమారునివలె పెరిగినవాడే. అతడు క్రైస్తవుడు కాడు. తిలక్ ప్రేమకు అది యడ్డు కాలేదు.

ఆయన లోపములు కూడ దాచదగినవి కావు. తిలక్ కోపిష్ఠి. చేతిలో పైకము నిలువదు. ఇంటికి సరుకు లేదన్న తలంపు లేక అడిగినవారికి ఇచ్చివేయును. దాని భారమంతయు లక్ష్మీబాయి భుజములమీద పడెను. ఆమె వ్రాసిన ఆత్మకథ "స్మృతిచిత్రే" మొదటి భాగము 1934లో వెలువడెను. మరాఠీ సాహిత్యమున మిక్కిలి యాదరము పొందిన ఆ గ్రంథమున ఆమె భర్తను దేవదూతగా చిత్రింపలేదు. నవ్వుచు, నవ్వించుచు, అక్కడక్కడ మందలించుచు, ఉన్నవానిని ఉన్నట్టే చూపెను. దేవుని సన్నిధిలో నివసించువారు ఒక్కదినమున పరిపూర్ణులగుదురని భ్రమపడువారికి ఆ పుస్తకము మేలు చేయును. సన్నిధి మనుష్యుని స్వభావమును మాయచేసి తీసివేయదు. దినదినము దానిని వెలుగులోనికి తెచ్చి, క్షమాపణ కోరుటను నేర్పి, మెల్లగా మలచును.

పాట మారిన విధము

తిలక్ సంఘములోనికి వచ్చునప్పటికి మరాఠీ క్రైస్తవుల ఆరాధనలో పాశ్చాత్య కీర్తనల అనువాదములు విరివిగా నుండెను. అవి భక్తితో చేయబడినవే, మేలు చేసినవే. భారతీయ రాగములలో పాడుటయు, క్రైస్తవ కీర్తనకాలక్షేపమును అహ్మద్‌నగర్ ప్రాంతమున అంతకు పూర్వమే కొందరు ఆరంభించియుండిరి. అయినను అన్యదేశపు రాగమునకు సరిపోవునట్లు మరాఠీ మాటలను సాగదీసి పాడునప్పుడు, నోరు పాడుచుండగా హృదయము వెనుకబడుచుండెను. పొలమున పనిచేయు స్త్రీకి, తిరుగటి విసరు తల్లికి తన కన్నీళ్లు ఏ భాషలో వచ్చునో ఆ భాషలో, ఏ లయలో వచ్చునో ఆ లయలో ప్రభువుతో మాటలాడుట తెలియవలెను. తిలక్ ఆ పనికి పూనుకొనెను.

ఆయన ముందు ఒక గొప్ప సంప్రదాయము నిలిచియుండెను. 13వ శతాబ్దపు జ్ఞానేశ్వరుడు ఓవీ ఛందస్సున గీతను వ్యాఖ్యానించెను. 17వ శతాబ్దపు తుకారాముడు అభంగములలో తన హృదయమును కుమ్మరించెను. పండరిపురమునకు నడచిపోవు యాత్రికుల నోట ఆ పాటలు తరతరములుగా నిలిచియున్నవి. తుకారాముని వంతెనమీదుగా తాను క్రీస్తు నొద్దకు వచ్చితినని తిలక్ భావించెడివాడు. వంతెన గమ్యము కాదని ఆయన యెరుగును. దాటినవాడు వంతెనను తిట్టవలసిన పని లేదనియు ఎరుగును. ఆ భక్తులయందలి ఆకలి నిజమైనదని, ఆ యాకలి తీర్చు ఆహారము క్రీస్తేయని ఆయన విశ్వాసము.

కావున అభంగమును, ఓవీని, భజనపద్ధతిని ఆయన క్రీస్తు పాదములయొద్ద ఉంచెను. తాళములతోను మృదంగముతోను, నేలమీద కూర్చుండి, ఒకరు అందీయగా అందరు అందుకొను పాటలు వ్రాసెను. తెలుగునాట హరికథకు దగ్గరదైన మరాఠీ కీర్తనపద్ధతిలో సువార్తకథలను కట్టెను. భక్తిపరమైన ఆయన పద్యములు కొన్ని "అభంగాంజలి" యను పేర వెలువడినవి. మరాఠీ సంఘముల కీర్తనల పుస్తకమున ఆయనవి నూటికి పైగా చేరినవి. స్కాట్లాండు దేశీయుడగు మిషనరీ నికల్ మాక్నికల్ ఆయన పాటలను ఆంగ్లమునకు అనువదింపగా, అవి ఇంగ్లీషు కీర్తనల పుస్తకములలోను స్థానము పొందినవి. భారతీయుని పాటను పాశ్చాత్య సంఘము అనువదించుకొని పాడుట ఆనాటికి క్రొత్తసంగతియే.

కాని తిలక్ చేసిన మేలు రాగము మార్చుట మాత్రమే యనుకొనినచో, తొడుగును చూచి గింజను విడిచినట్లగును. రాగము మారినను మనస్సు మారనియెడల ఆరాధన లోతు కాదు. ఆయన పాటలలో ముఖ్యముగా మూడు సంగతులు కనబడును.

మొదటిది, ఆయన క్రీస్తును గూర్చి పాడుటకంటె క్రీస్తుతో పాడును. ప్రభువు ఆయనకు గురువు, తల్లి, అన్న, స్నేహితుడు, రాజు. భారతీయభక్తులు దాస్యమని, సఖ్యమని, వాత్సల్యమని చెప్పిన సంబంధములన్నియు ఒక్క క్రీస్తునందు ఆయనకు కూడివచ్చెను. తల్లిని పోగొట్టుకొన్న బాలునికి తల్లియొడి మరల దొరకెను.

రెండవది, సాన్నిహిత్యము ఆయనలో గర్వమును కలిగింపలేదు. ఎంత దగ్గరకు వచ్చిన అంత తన అపాత్రతను ఆయన గుర్తించెను. ఎంత పొందిన అంత ఆకలిగొనెను. భక్తుడు ప్రభువుతో ఏకమగుటను ఆయన తరచుగా పాడును గాని, నీటిబొట్టు సముద్రమున కలిసి పేరు లేకుండ పోవునట్టి ఐక్యము ఆయన యుద్దేశము కాదు. ద్రాక్షావల్లియు తీగెలును ఒక్కటైనట్టు, ప్రేమించువాడును ప్రేమింపబడువాడును ఒక్కటగుటయే ఆయన కోరినది. ప్రేమలో ఇద్దరుండవలెను. ఆ ఇద్దరిలో ఒకరు సృష్టికర్త, ఒకరు కృపచేత రక్షింపబడిన పాపి. ఈ భేదము చెరిగినచో ఆరాధన యుండదు.

మూడవది, సన్నిధిలోనికి వెళ్లిన పాట సన్నిధిలోనే నిలిచిపోదు. అది దేశము వైపు తిరుగును. కులభేదము, పేదరికము, స్త్రీల దుస్థితి, సంఘమునందలి చల్లదనము ఇవన్నియు ఆయన ప్రార్థనలోనికి వచ్చినవి. భారతదేశమును ప్రేమించుట ఆయనకు క్రీస్తును ప్రేమించుటలో భాగమే. ఏకాంతప్రార్థన పొరుగువానిని మరపించినయెడల, అక్కడ కలిసికొన్నది క్రీస్తును కాదేమోయని విశ్వాసి పరీక్షించుకొనవలెను.

పత్రికయు, మహాకావ్యమును

1842లో స్థాపింపబడిన "జ్ఞానోదయ" పత్రిక మరాఠీ విభాగమునకు తిలక్ 1912 నుండి సంపాదకుడాయెను. గద్యములోను పద్యములోను ఆయన కలము విశ్రమింపలేదు. ఆయన ప్రకృతిగీతములును, పువ్వులనుగూర్చియు పిల్లలనుగూర్చియు వ్రాసిన ఖండికలును ఆధునిక మరాఠీ కవిత్వమున ఆయనకు స్థానము కల్పించినవి. 1907లో జలగావ్ నగరమున జరిగిన కవిసమ్మేళనమునకు పూనుకొన్నవారిలో ఆయన యొకడు. క్రైస్తవేతర కవులు ఆయనను తమవానిగా భావించిరి. విశ్వాసము ఆయనను స్వజనులకు పరాయివానిగా చేయలేదు.

ప్రభువు జీవితమును ఓవీ ఛందస్సున మహాకావ్యముగా వ్రాయవలెనని ఆయనకు గొప్ప కోరిక. "క్రీస్తాయన" మను పేరే ఆయన ఉద్దేశమును చెప్పుచున్నది. రామాయణమును విని పెరిగిన దేశమునకు క్రీస్తు కథను అట్లే కూర్చుండి వినిపింపవలెను. దాదాపు 10 అధ్యాయములు మాత్రమే ఆయన పూర్తిచేయగలిగెను.

అన్నియు విడిచిన చివరి యేండ్లు

1917 నాటికి తిలక్ యాబదియైదేండ్లు దాటినవాడు. మిషను ఉద్యోగము, జీతము, పేరు, గౌరవము అన్నియు ఉండెను. ఆయన హృదయము మాత్రము అశాంతితో నిండెను. భారతీయుల కన్నులకు క్రీస్తు జీతగాండ్ర సంస్థ వెనుక మరుగుపడుచున్నాడని ఆయన బాధపడెను. మిషనరీలను ఆయన ద్వేషింపలేదు. వారిలో అనేకులు ఆయనకు ప్రియమిత్రులు. అయినను ప్రభువు తన్ను వేరొక త్రోవకు పిలుచుచున్నాడని నమ్మి, ఆ సంవత్సరము మిషను జీతమును విడిచి సన్న్యాసిగా జీవింప నిశ్చయించెను.

ఆ సన్న్యాసము కూడ గమనింపదగినది. ఆయన భార్యను విడిచి అడవికి పోలేదు. ఒకప్పుడు ఇల్లు విడిచి తిరిగిన తిలక్, ఇప్పుడు సన్న్యాసియై కూడ కుటుంబముతోనే నిలిచెను. విడిచినది మనుష్యులను కాదు, భద్రతను. కుటుంబము సతారాలో నివసించెను. అక్కడ ఆయన దేవుని దర్బారు అను సహవాసమును ఆరంభించెను. బాప్తిస్మము పొందినవారును, క్రీస్తును ప్రేమించుచు ఇంకను బాప్తిస్మము పొందనివారును అందులో సహోదరులుగా చేరవచ్చును. ఈ యేర్పాటును గూర్చి అనేకులు సందేహపడిరి. బాప్తిస్మమునకును దృశ్యసంఘమునకును గల స్థానము తగ్గిపోవునేమోయని వారు భయపడిరి. ఆ భయము నిరాధారమైనది కాదు. క్రీస్తు దేహమును వేరుపరచి క్రీస్తు శిరస్సును మాత్రమే కోరుట సాధ్యము కాదు. అయితే తిలక్ సంఘమునుండి బయటికి పోలేదు, "జ్ఞానోదయ" పనిని మానలేదు. సంఘపు గుమ్మము బయట నిలిచి లోపలికి చూచుచున్నవారికి చోటు చూపవలెనన్నదే ఆయన తపన.

ఆ ప్రయత్నమునకు ఆయువు చాలలేదు. ఆరోగ్యము క్షీణించెను. బొంబాయి నగరమున చికిత్స పొందుచు 1919 మే 9వ తేదీన ఆయన ప్రభువునందు నిద్రించెను. దర్బారు వ్యవస్థగా నిలువలేదు. అయినను విత్తనము వృథాపోలేదు. ఆయన జీవితచరిత్రను 1923లో ప్రచురించిన ఆంగ్లికన్ మిషనరీ జె. సి. విన్స్‌లో, ఇంచుమించు అదే సమయమున క్రిస్త సేవా సంఘమను ఆశ్రమ సహవాసమును స్థాపించెను. భారతీయులును పాశ్చాత్యులును ఒకే పంక్తిని కూర్చుండి, భారతీయరీతిని ఆరాధించుటకు అది ప్రయత్నించెను.

పూర్తియైన కావ్యము

తిలక్ కథలో మిక్కిలి మనోహరమైన భాగము ఆయన మరణము తరువాత జరిగినది. "క్రీస్తాయనము" అసంపూర్ణముగా నిలిచిపోయెను. బాప్తిస్మపు వార్త విని గుండె పగిలిన స్త్రీ, నీళ్లను వేరుగానుంచుకొనిన స్త్రీ, బడిచదువు లేని స్త్రీ, ఆ కావ్యమును తన చేతికి తీసికొనెను. లక్ష్మీబాయి 60కి పైగా అధ్యాయములు వ్రాసెను. 1936లో ఆమె కన్నుమూసినప్పుడు మిగిలిన కొంచెము భాగమును, ఒకప్పుడు తల్లివెంట పండరిపురమున తిరిగిన పసివాడు, దేవదత్తుడు, పూర్తిచేసి 1938లో ప్రకటించెను. విడిపోయిన ముగ్గురు ఒక్క కథయందు కలిసిరి. ఆ కథ క్రీస్తు కథ. 1895లో ఒకని విశ్వాసము ఇంటిని రెండుగా చీల్చినట్లు కనబడెను. నలువది మూడేండ్లకు అదే విశ్వాసము అదే యింటివారి చేతులతో ఒక ఆరాధనాగ్రంథమును సమాప్తము చేయించెను. దేవుని సన్నిధి కొరకు తిలక్ విడిచినది పాడైపోలేదు. మరింత ధన్యమై ఆయన కుటుంబమునకు తిరిగి లభించెను.

అందరికిని ఇట్లే జరుగునని చెప్పరాదు. క్రీస్తు నిమిత్తము విడిచినది ఈ లోకమున మరల చూడనివారు అనేకులు కలరు. అయినను ఏ నష్టమును ప్రభువు లెక్కింపక విడువడని ఈ యొక్క కుటుంబచరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది.

తెలుగు సంఘమునకు ఇందు ఒక పాఠము కలదు. తిలక్‌నకు చాల పూర్వమే, 1803లో పుట్టి 1890లో గతించిన పురుషోత్తమ చౌదరి, కర్ణాటక రాగములలో సొంత హృదయపు పశ్చాత్తాపమును సంతోషమును కుమ్మరించి తెలుగువారికి కీర్తనలు ఇచ్చెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ప్రతి యింటను కలవు. రాగము తెలుగుదే, మాట తెలుగుదే. సొంతభాష లేదన్న కొరత తెలుగు విశ్వాసులకు లేదు. అలవాటైన పాటను అలవాటుగా పాడి, ఎవరితో మాటలాడుచున్నారో మరచుటయే వారికి గల అపాయము. పుస్తకము తెరచునప్పుడు సంఖ్య వెదకుటకు ముందు ప్రభువును వెదకుట, చరణము ముగించునప్పుడు ఆయన సన్నిధిని ఒక్క నిమిషము మౌనముగా నిలుచుట, ఇంటికి వచ్చి ఆ పాట ఎవరిని క్షమింపుమన్నదో, ఎవరికి అన్నము పెట్టుమన్నదో జ్ఞాపకము చేసికొని దానిని చేయుట: ఇంతకంటె క్రొత్తపద్ధతి యేదియు అక్కరలేదు. ఆరాధన లోతు పొందుట పాటల సంఖ్య వలన కాదు, స్వరపు ఎత్తు వలన కాదు. సన్నిధిని ఎరిగి, ఆ సన్నిధి చెప్పినట్లు నడుచుట వలననే.

రైలుబండిలో చేతికి వచ్చిన చిన్న పుస్తకమును మాట కొరకు చదువ నారంభించిన పండితుడు, అందులో తనకొరకు కనిపెట్టుచున్న ప్రభువును కనుగొనెను. ఆ ప్రభువు నేటికిని తన వాక్యమునందు కనిపెట్టుచునే యున్నాడు. ప్రతి ఉదయమున బైబిలు తెరచు చేతికి, ప్రతి సాయంకాలమున పాట నందుకొను నోటికి ఆయన సమీపముగానే యున్నాడు. ఆయన సమీపమున నున్నాడని ఎరిగి పాడువాని పాట చిన్నదైనను, గొంతు సరిగా లేకున్నను, అది పరలోకమందలి ఆరాధనలో చేరును.